క్లోరోఫాం నుంచి చెయ్యెత్తడం దాకా: పంటి భయానికి ఒక హైదరాబాద్ చరిత్ర

1889 చివరి నెలల్లో హైదరాబాద్‌లో కొందరు డాక్టర్లు కుక్కల పళ్ళు పీకారు. ఆ పళ్ళకు జబ్బేమీ లేదు. క్లోరోఫాం కొద్దిగా పట్టి, మత్తు పూర్తిగా ఎక్కకముందే పన్ను పీకితే ఆ అదురుకు గుండె ఆగిపోతుందా అన్నది వాళ్ళు తేల్చుకోవాలనుకున్న ప్రశ్న. ఈ పని కోసం లండన్ నుంచి థామస్ లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చాడు. ఆయన్ని ఎంపిక చేసింది లాన్సెట్ పత్రిక. అందుకు వెయ్యి పౌండ్లు ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్.

మరుసటి ఏడాది, 1890లో, ఆ నిజాం పేరు మీదే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. మా ఉప్పునుంతల 2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చేదాకా ఆ పేరు కిందే ఉండేది. నా పదో తరగతి మెమో మీద ఉన్న జిల్లా పేరుకీ, పన్ను పీకేటప్పుడు మనిషి చచ్చిపోతాడా అన్న ప్రశ్నకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది.

నేను డాక్టర్ని కాదు. కోడ్ రాసుకుంటూ, మిగిలిన టైంలో పుస్తకాలు చదువుకునేవాణ్ణి. ఈ చరిత్రలోకి పోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా నాయినకు రెండు పళ్ళు పుచ్చి ఏళ్ళయింది. పొలంలో పాము కనబడితే కట్టె కోసం చూసే మనిషి, పంటి డాక్టర్ అనగానే మాట మారుస్తాడు. ఊళ్ళో ఆయన వయసు వాళ్ళు చాలామంది ఇంతే. వీళ్ళంతా పిరికివాళ్ళని అనుకోవడం సులువు. అయితే ఈ భయం చరిత్ర చదువుతూ పోతే నాకు వేరే సంగతి అర్థమైంది. భయపడేవాళ్ళు తమకు అందిన సమాచారం నుంచి సరైన లెక్కే వేస్తున్నారు. తేడా అంతా ఆ సమాచారం ఎక్కడి నుంచి వస్తోందన్న దగ్గరే ఉంది.

*

నొప్పి తెలియకుండా చేసే వైద్యం పుట్టిందే పళ్ళ దగ్గర. పెద్ద ఆపరేషన్ చావుబతుకుల మధ్య జరిగేది, కాబట్టి రోగికి వేరే దారి ఉండేది కాదు. పంటి నొప్పి అలా కాదు. రోగి కుర్చీ దాకా వచ్చి కూడా లేచి వెళ్ళిపోగలడు. వెళ్ళిపోయే రోగిని ఆపాల్సిన అవసరం పంటి వైద్యుడికే ఎక్కువ.

1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పంటి వైద్యుడు ఒక వినోద ప్రదర్శనకు వెళ్ళాడు. నైట్రస్ ఆక్సైడ్ పీల్చి గంతులేస్తున్న ఒకతను కాలికి దెబ్బ తగిలినా పట్టించుకోకపోవడం గమనించాడు. మర్నాడే ఆ వాయువు తాను పీల్చి, సాటి వైద్యుడితో తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. 1845 జనవరిలో బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించబోతే, వాయువు సరిపోలేదో ఏమో, రోగి అరిచాడు. చూస్తున్నవాళ్ళు మోసం అని గేలి చేశారు. ఆ అవమానం నుంచి వెల్స్ తేరుకోలేకపోయాడు. 1848లో జైల్లో ప్రాణం తీసుకునేనాటికి అతను క్లోరోఫాంకు అలవాటు పడి ఉన్నాడు. ఈలోగా అతని పాత భాగస్వామి విలియం మోర్టన్, ఇతనూ పంటి వైద్యుడే, 1846 అక్టోబర్ 16న అదే బోస్టన్‌లో ఈథర్‌తో విజయం సాధించాడు. ఏడాది తిరిగాక, 1847 నవంబర్‌లో, ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు.

మన దేశానికి క్లోరోఫామే నప్పింది. ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది. మా దగ్గర ఎండాకాలం నీడలో కూడా అంతకన్నా ఎక్కువ వేడి ఉంటుంది. పైగా ఈథర్ మంట అంటుకుంటుంది, దీపం వెలుగులో ఆపరేషన్ చేసే రోజుల్లో అదో ప్రమాదం. క్లోరోఫాంకు ఈ రెండు బాధలూ లేవు. కాకపోతే అప్పుడప్పుడూ మనుషులు ఉన్నట్టుండి చచ్చిపోయేవారు. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో 15 ఏళ్ళ హానా గ్రీనర్ కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. అలాంటి చావులు తర్వాత కూడా ఆగలేదు. వాటిలో విచిత్రమేమిటంటే, కాలు తీసేసే పెద్ద ఆపరేషన్లలో కంటే గోరు తీయడం, పన్ను పీకడం లాంటి చిన్న పనుల్లోనే ఈ చావులు కలవరపెట్టేంతగా కనిపించేవి. అదీ మందు ఎక్కువైనప్పుడు కాదు, మొదలుపెట్టిన కాసేపటికే.

*

ఈ చిక్కుముడే హైదరాబాద్ దాకా వచ్చింది. ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదువుకున్నవాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ఆయన చేతిలో ఉండేవి. క్లోరోఫాం మొదట ఊపిరినే ఆపుతుందనీ, గుండె ఆగడం దాని తర్వాతి సంగతనీ ఆయన గట్టి నమ్మకం. నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి మీదే కన్నుంచండి అని శిష్యులకు నూరిపోసేవాడు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఆయన మాటే నిజమంది. లండన్ వైద్యులు నమ్మలేదు. అందుకే 1889లో బ్రంటన్ సమక్షంలో రెండోది. వందల కొద్దీ జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. గుండె ఆగవచ్చని అంతకుముందు నమ్మిన బ్రంటన్ కూడా హైదరాబాద్‌లో మనసు మార్చుకున్నాడు. కుక్కల పళ్ళు పీకినా అదురుకు గుండె ఆగలేదు కాబట్టి, ఊపిరిని చూసుకుంటే చాలు, క్లోరోఫాంతో భయం లేదు అని కమిషన్ తేల్చింది.

కమిషన్ ఇచ్చిన సూచనలు చదివితే అందులో ఒక ఆసుపత్రి అనుభవం కనిపిస్తుంది. రోగిని పడుకోబెట్టాలి, మెడ దగ్గరా ఛాతీ దగ్గరా పొట్ట దగ్గరా బట్టలు బిగుతుగా ఉండకూడదు, రోగి పెనుగులాడుతున్నా ఊపిరి బిగపట్టినా మందు ఎక్కువైపోకుండా చాలా జాగ్రత్త పడాలి. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. 1880ల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన ఈ పార్సీ మహిళ ఇక్కడి ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఆమె పేరు చెప్తారు.

ఊపిరి చూడమన్న సలహా మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టి ఉంటుంది. గుండె గురించి చెప్పింది మాత్రం నిలబడలేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు కిటుకు బయటపెట్టాడు. క్లోరోఫాం బాగా ఎక్కినప్పటికంటే తేలికగా ఎక్కినప్పుడే గుండెకు ప్రమాదం ఎక్కువ. ఆ సమయంలో రక్తంలోకి అడ్రినలిన్ వస్తే గుండె లయ తప్పి, వణికి, ఆగిపోతుంది. మన శరీరం అడ్రినలిన్‌ను ఎప్పుడు వదులుతుందో అందరికీ తెలిసిందే. భయపడ్డప్పుడు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిన్న ఆపరేషన్ కాబట్టి కొంచెం మందే చాలనుకున్నారు. రోగి అటు పూర్తి మత్తులోనూ లేడు, ఇటు పూర్తి తెలివిలోనూ లేడు, బెదిరిపోయి ఉన్నాడు. క్లోరోఫాం కుర్చీలో భయం వట్టి మనసు గోల అనుకున్నారు గానీ అది రక్తంలో కలిసిన ఒక రసాయనం. హైదరాబాద్ ప్రయోగాలు పట్టుకోలేకపోయింది సరిగ్గా దీన్నే. మా భాషలో చెప్పాలంటే వందల టెస్టులు పాసయ్యాయి, ప్రొడక్షన్‌లో పడిపోయే ఆ ఒక్క కేసు మాత్రం జాబితాలో లేదు.

*

క్లోరోఫాంను పంటి గదిలోంచి బయటికి పంపింది సూది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కంటి వైద్యుడు కొకేయిన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. అదే ఏడాది న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ కొకేయిన్‌ను దవడ నరం దగ్గర సూదితో ఎక్కించి, మనిషి మెలకువగా ఉండగానే ఆ వైపు పళ్ళను మొద్దుబార్చాడు. కొకేయిన్ అలవాటు అతన్ని పట్టుకుంది. 1905 నుంచి ప్రొకేయిన్ దాని స్థానంలోకి వచ్చింది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడొకేయిన్ 1948లో మార్కెట్లోకి వచ్చి ఇప్పటికీ ఏలుతోంది. అచ్చంపేటలో అయినా అమెరికాలో అయినా పంటికి సూది వేస్తే చాలాసార్లు సీసాలో ఉండేది అదే.

అంటే గత 70 ఏళ్ళకు పైగా, నొప్పి లేకుండా పన్ను తీయడం మామూలు విషయమై ఉండాలి. మరి భయం ఎందుకు పోలేదు?

మా ఊళ్ళో దీనికి అందరి దగ్గరా సిద్ధంగా ఉండే జవాబు కన్ను. "పన్ను పీకిస్తే కన్ను పోతది" అన్న మాట నాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు, గాలిలో ఉంటుంది. నాయినను అడిగితే ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాడు. "పన్ను తీపిచ్చుకున్న ఏడాదికే మసకలొచ్చినయి రా ఆయినకు" అంటాడు. అబద్ధం కాదు. పళ్ళు పీకించుకునే వయసూ కంట్లో శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కాబట్టి, ఒకదాని వెనక ఒకటి రావడం ఊరంతా చూస్తూనే ఉంటుంది. పై పంటి నొప్పి కంటి కిందకి పాకడమూ నిజమే. పంటి నుంచీ కంటి చుట్టూ ఉన్న చర్మం నుంచీ స్పర్శను మోసేది ఒకే నరం కొమ్మలు. చూపును మోసే నరం మాత్రం పూర్తిగా వేరు, అది పంటి వైపు రానే రాదు. పన్ను తీస్తే చూపు పోదు. చీము పట్టిన పై పంటిని అలాగే వదిలేస్తే ఆ వాపు అరుదుగా కంటి గూట్లోకి పాకి చూపుకు ముప్పు తెచ్చిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. మావాళ్ళు కన్నుకీ పంటికీ సంబంధం ఉందన్న మాట సగం సరిగ్గానే పట్టుకున్నారు, ప్రమాదం ఎటువైపు ఉందన్నదే తిరగబడింది. ఇంకో చిత్రం, పంటికి వేసే ఈ మత్తు పుట్టిందే కంటి వైద్యుడి చేతిలో.

పురుగు కథ కూడా ఇలాంటిదే. పిప్పి పంట్లో పురుగు ఉంటుందని, నేలవాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ నోటికి పడితే రాలిపోతుందని మా నాయినమ్మ తరం నమ్మింది. ఇది పల్లెటూరి అమాయకత్వం అనుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పంటి పురుగు బాబిలోనియా మట్టిపలకల మీదే ఉంది. ఐరోపాలో కూడా శతాబ్దాల పాటు గింజల పొగే పట్టారు, కాలిన గింజల్లోంచి రాలిన తెల్లటి మొలకలనే పురుగులని చూపించారు. 1728లో పారిస్‌లో పియర్ ఫోషార్ తన పంటి వైద్య గ్రంథంలో పురుగును తోసిపుచ్చాడు. నోటిలోని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ ఆమ్లంగా మార్చడం వల్ల పన్ను పుచ్చుతుందని విల్లబీ మిల్లర్ పుస్తకం రాసింది 1890లో, అంటే హైదరాబాద్‌లో కుక్కల పళ్ళు పీకిన మరుసటి ఏడాది.

*

కన్నూ పురుగూ పైకి చెప్పే కారణాలు. కింద ఇంకో యంత్రం నడుస్తోంది. అదే అసలుది అని నా అనుమానం.

పంట్లో చీము పట్టినప్పుడు చుట్టూ ఉన్న కండలో ఆమ్లగుణం పెరుగుతుంది. లిడొకేయిన్ పనిచెయ్యాలంటే నరం పొరను దాటి లోపలికి వెళ్ళాలి. విద్యుదావేశం లేని అణువులే అలా దాటగలవు. ఆమ్లం పెరిగేకొద్దీ ఎక్కువ అణువులకు ఆవేశం వచ్చి బయటే ఉండిపోతాయి. ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, బాగా వాచిన పంటికి సూది సరిగా పట్టదన్నది ప్రతి పంటి డాక్టర్‌కీ తెలుసు.

ఇప్పుడు మా ఊరి లెక్క చూడండి. భయం వల్ల, పైసల వల్ల, పొలం పనుల వల్ల మనిషి రోజులు నెడతాడు. లవంగం పెట్టుకుంటాడు, నొప్పి గోళీ మింగుతాడు. మొహం వాచి, నిద్ర లేక, ఇక లాభం లేదనుకున్నాకే బస్సెక్కుతాడు. అంటే సూది అన్నిటికంటే తక్కువగా పనిచేసే రోజునే కుర్చీలో కూర్చుంటాడు. చచ్చేంత నొప్పి పెడుతుంది. ఇంటికొచ్చి ఆ సంగతే చెప్తాడు. విన్నవాళ్ళు ఇంకో నాలుగేళ్ళు నెడతారు. ముందుగా వెళ్ళి, ఏమీ కాకుండా తిరిగొచ్చినవాడి దగ్గర చెప్పడానికి కథే ఉండదు. ఊళ్ళో చెలామణిలో ఉండే కథలన్నీ చివరి రోజు కథలే. అవి నిజమైన కథలు, మొత్తం కథ మాత్రం కాదు. స్వీడన్‌లో ఉల్ఫ్ బెర్గ్రెన్ 1984లో ఇలాంటి చక్రాన్నే వివరించాడు. భయం వల్ల తప్పించుకోవడం, తప్పించుకోవడం వల్ల పళ్ళు పాడవడం, పాడైన పళ్ళ వల్ల సిగ్గు, సిగ్గు వల్ల మళ్ళీ భయం.

ఆ సిగ్గును తక్కువ అంచనా వెయ్యకూడదు. దిండి దాటి నల్లగొండ వైపు పోతే ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మచ్చలు పడ్డ పళ్ళతో, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే మనుషులు కనబడతారు. పొగాకు మరకలున్న మా వైపు ముసలోళ్ళ సంగతీ అంతే. నోరు తెరవగానే "ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అనే గొంతు వాళ్ళకు సూదికంటే లోతుగా దిగుతుంది.

*

ఈ భయాన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. రేపు పంటి డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చుని పిలుపు కోసం చూస్తుంటే ఎలా ఉంటుంది, ఇలా. ఒక్కో జవాబుకు 1 నుంచి 5 మార్కులు. 1995లో జెర్రీ హంఫ్రిస్, ఆయన తోటివాళ్ళు సూది గురించి ఐదో ప్రశ్న కలిపారు. ఒక ఆదివారం ఈ ఐదు ప్రశ్నలూ తెలుగు చేసి నాయినను అడిగాను. ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో "దీంట్ల పైసల సవాలు లేదేందిరా?" అన్నాడు. ఆ ప్రశ్న ఇంకా ఎవరైనా కలపాల్సి ఉంది.

ఆయన మార్కుల్లో సూది దగ్గర 3, బయట కూర్చోవడం దగ్గర 5. నేను తలకిందులుగా ఉంటుందనుకున్నాను. ఎందుకని అడిగితే, "లోపల ఏం జేస్తున్నరో మనకు తెల్వదు గద. పండబెట్టి నోట్ల చెయ్యి బెడితే అడగనీకె కూడ రాదు" అన్నాడు. భయాన్ని తగ్గించే పద్ధతుల మీద నేను చదివిన చాలా పేజీల సారం ఈ రెండు వాక్యాల్లో ఉంది. మనిషి వెల్లకిలా పడుకుని, మాట పోయి, కనబడని పనిముట్టు కింద ఉంటాడు. ఆపమని చెప్పే దారి లేకపోవడమే సగం భయం.

అందుకే పనిచేసే చికిత్సలన్నీ ఆ దారి తెరిచేవే. 1959లో హ్యారీ ఆడెల్‌స్టన్ పిల్లల కోసం చెప్పిన పద్ధతి మూడే మాటలు: చెప్పు, చూపించు, తర్వాత చెయ్యి. పెద్దవాళ్ళకూ అది చాలాసార్లు సరిపోతుంది. సూదికి ముందు చిగురు మీద జెల్ రాసి కాసేపు ఆగడం, మందును నెమ్మదిగా ఎక్కించడం మామూలు జాగ్రత్తలే, ఎందుకంటే గుచ్చుకోవడం కంటే మందు ఒక్కసారిగా తోసుకురావడమే ఎక్కువ నొప్పి. మొద్దుబారిందో లేదో పరీక్షించి చూపించాకే పట్టకారు ముట్టుకోవడం ఇంకోటి. వాపుంటే ముందు దాన్ని తగ్గించి పన్ను తర్వాత తీయాలా అన్నది డాక్టర్ తేల్చాలి, ఆ సంగతి అడిగే హక్కు మనకుంది. అన్నిటికంటే చవకైంది ఎడమ చెయ్యి ఒప్పందం. చెయ్యెత్తితే డాక్టర్ ఆపాలి, ఏమీ అడక్కుండా ఆపాలి. ఒక్కసారి నిజంగా ఆపితే మనిషికి మళ్ళీ ఎత్తాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

1889 నాటి కుక్కలకు చెయ్యెత్తే వీలు లేదు. క్లోరోఫాం కుర్చీలో సగం మత్తులో బెదిరిపోయిన ఆడపిల్లకూ లేదు. ఆ కాలంలో భయాన్ని మాయం చేయాలంటే మనిషి తెలివినే తీసేయాల్సి వచ్చేది, అందులో ప్రాణాలు కూడా పోయాయి. ఇప్పుడు మనిషిని మెలకువగా ఉంచి, అతని చేతికే బ్రేకు ఇవ్వవచ్చు. దీనికి కొత్త మందు అక్కర్లేదు, ఒక్కో రోగి మీద ఇంకో రెండు నిమిషాలు కావాలి. రద్దీగా ఉండే గదిలో ఆ రెండు నిమిషాలే అన్నిటికంటే ఖరీదైనవని కూడా ఒప్పుకోవాలి.

మా వైపు బస్సులు హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ దగ్గర దింపుతాయి. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ నడిచిపోయేంత దూరం. లారీ నడిపిన ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతింది, తర్వాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. దానికి దగ్గర్లోనే ఇప్పుడు ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పాలమూరు నుంచి వచ్చి అక్కడ వరుసలో కూర్చునేవాళ్ళకు మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన వెయ్యి పౌండ్లు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. వాపు రాకముందే వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి తమ సాదా కథను కూడా నలుగురికీ చెప్తే చాలు.

నాయిన ఒక పన్ను తీయించుకున్నాడు, వాపు లేని రోజు చూసి. చెయ్యి రెండుసార్లు ఎత్తాడట, రెండుసార్లూ ఆపారట. ఇంటికొచ్చాక పక్కింటాయన "ఎట్లుండె?" అని అడిగితే, "ఏముంటది, తీసిండ్రు" అన్నాడు. అంతే చెప్పి పొలం ముచ్చట్లోకి దిగబోతుంటే నేను ఆపి, ఆ చెయ్యెత్తిన సంగతి కూడా చెప్పమన్నాను. రెండో పన్ను ఇంకా ఉంది.